అప్పుడప్పుడూ మిస్ అయ్యే ఇంజన్: అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో పెట్రోలు బండ్ల పని చేస్తాను. పాత మారుతి 800లు, జెన్‌లు, శాంత్రోలు ఇప్పటికీ వస్తూనే ఉంటాయి. తెచ్చినవాళ్ల మాట ఒకటే: "దార్లో మిస్ అయిందండీ, మీ దగ్గరికొచ్చేసరికి బాగానే ఉంది." మిస్ అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండక ఇంజన్ తడబడటం. బాగున్న ఇంజన్‌లో రోగం వెతకడం కష్టం. అందుకే బానెట్ ఎత్తకముందు నేను ప్రశ్నలు అడుగుతాను: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, వానలోనా, ఎత్తు ఎక్కేటప్పుడా?

అపోహ: ప్లగ్గులు మారిస్తే సరిపోతుంది.

సిలిండర్‌లో పెట్రోలుని అంటించే స్పార్క్ పుట్టేది ప్లగ్గుల్లోనే కాబట్టి వాటిని చూడాల్సిందే, కాదనను. కానీ విప్పినవి ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టకుండా చెత్తబుట్టలో పడేస్తే ఉన్న సాక్ష్యం పోయినట్టే. ఒక్కటే పెట్రోలుతో తడిగా ఉంటే అందులో స్పార్క్ పడట్లేదేమో చూడాలి, నూనె అంటి ఉంటే కథ వేరు, అన్నీ నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని.

ఈమధ్య ఒకాయన కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే పాత పద్ధతి పరికరం) ఉన్న 800 తెచ్చారు. మచిలీపట్నంలో బయల్దేరితే పామర్రు దాకా ఏ గొడవా లేదు, ఉయ్యూరు వచ్చేసరికి కుదుపులు, పక్కన ఆపి టీ తాగి ఎక్కితే మళ్లీ మామూలే. అప్పటికే రెండుసార్లు ప్లగ్గులు మార్చారు, కార్బొరేటర్ కూడా విప్పించారు. ఆగితే బాగయ్యే బండికి నేను రెండు అనుమానాలు పెట్టుకుంటాను. ఒకటి ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోవడం, మిస్ అవుతున్నప్పుడు మూత తిప్పితే గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వస్తుంది. ఆయన బండికి అది రాలేదు. రెండోది స్పార్క్‌కి కరెంటు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్. ఈ బండిలో మూడు సిలిండర్లకీ కాయిల్ ఒక్కటే, అది పోతే మిస్ కూడా ఒక్క సిలిండర్‌లో నిలవదు. మల్టీమీటర్ పెడితే రీడింగ్ సరిగ్గానే ఉంది, ఉంటుంది కూడా, ఎందుకంటే మీటర్ పంపేది కొద్ది వోల్టులే, కాయిల్ పుట్టించేది వేలల్లో, లోపలి ఇన్సులేషన్ వేడికి చేతులెత్తేసేది అప్పుడే. వైరులో స్పార్క్ కరెంటు వెళ్లినప్పుడల్లా వెలిగే టైమింగ్ లైట్‌ని, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి (కరెంటుని ఒక్కో ప్లగ్గుకీ పంచేది) వెళ్లే వైరుకి తగిలించి, మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో (ఇంట్లో చెప్పలేదు) కాయిల్‌ని వేడి చేశాను. కాసేపటికి ఇంజన్ తడబడింది, లైటు కూడా మధ్యమధ్యలో ఆగింది. అంటే పోతున్నది స్పార్కే. లైటు ఆగకుండా వెలుగుతూనే ఇంజన్ తడబడి ఉంటే ముందు పెట్రోలు వైపు వెళ్లేవాణ్ణి.

అపోహ: వానాకాలంలో మిస్ అయితే పెట్రోల్‌లో నీళ్లు కలిశాయి.

కలవచ్చు. కానీ వాన రోజు పొద్దున మిస్ అయి, ఇంజన్ వేడెక్కి తడి ఆరగానే మానేస్తే ముందు డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ప్లగ్ వైర్లు చూడండి. చీకట్లో ఇంజన్ నడుస్తుండగా వైర్ల మీద సన్నగా నీళ్లు స్ప్రే చేస్తే, కరెంటు బయటికి లీకయ్యే చోట నీలం మెరుపు కనిపిస్తుంది. చేతులు మాత్రం దూరం! నడుస్తున్న ఇంజన్‌కి ఒక్కో వైరూ పీకి చూసే పాత అలవాటు కూడా మానండి, షాక్ సంగతి అటుంచి, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండ్లలో వందల రూపాయల పని వేలల్లోకి వెళ్తుంది.

అపోహ: స్కానర్ పెడితే తెలిసిపోతుంది.

స్కానర్ అంటే బండి కంప్యూటర్‌లో పడిన తప్పుల కోడ్లు చదివేది. కార్బొరేటర్ బండికి అది పెట్టడానికి చోటే లేదు. ఆ చోటు ఉన్న బండ్లలో పి0301 అనే కోడ్ వస్తే ఒకటో సిలిండర్ మిస్ అయిందని అర్థం, ఎందుకో అది చెప్పదు. సిలిండర్‌కో కాయిల్ ఉన్న బండైతే ఒకటో కాయిల్ తీసి రెండోదాని చోట పెట్టండి. కోడ్ పి0302కి మారితే దొంగ కాయిలే, మారకపోతే ప్లగ్గు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) వరసగా చూసుకోవాలి.

అపోహ: ట్యాపెట్ సౌండ్ లేదు కాబట్టి వాల్వులు బాగున్నాయి.

గ్యాస్ కిట్ పెట్టిన పాత బండ్లలో నాకు ఎక్కువ కనిపించేది దీనికి రివర్స్. వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే సీటు అరిగేకొద్దీ వాల్వ్ పైకి జరిగి, దానికీ దాన్ని తోసే భాగానికీ మధ్య ఉండే ట్యాపెట్ గ్యాప్ తగ్గిపోతుంది, శబ్దం ఇంకా తగ్గుతుంది, వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడి మీద ఐడ్లింగ్‌లో మాత్రమే మిస్ అవుతుంటే ట్యాపెట్ గ్యాప్ చూడండి, కంప్రెషన్ కూడా వేడి మీదే కొలవండి. ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు దీనికి పనిచేయవు.

అపోహ: కాస్త మిస్ అయినా నడుపుకోవచ్చు.

క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసేది) ఉన్న బండైతే వద్దు. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో వెళ్లి అక్కడ మండుతుంది, కన్వర్టర్ లోపలి భాగం కరిగిపోతుంది. చెక్ ఇంజన్ లైట్ వెలిగి ఆరుతూ ఉంటే యాక్సిలరేటర్ మీద కాలు తీసి పక్కన ఆపండి.