బడ్డీ ఎమన్స్, ఆయన పెడల్ స్టీల్ గిటార్లు: అపోహలు - వాస్తవాలు

పెడల్ స్టీల్ అంటే పడుకోబెట్టి వాయించే గిటార్, కాలితో పెడల్ తొక్కితే తీగల శ్రుతి మారుతుంది. దాన్ని వాయించడంలో పేరుమోసిన అమెరికన్ బడ్డీ ఎమన్స్ 2015 జూలై 21న పోయారు. పెడల్ స్టీల్ ముందు కూర్చునే ప్రతివాడూ ఏదో ఒక రకంగా ఆయనకు బాకీ ఉన్నవాడే, ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. కానీ ఆయన పేరు మీద తిరిగే మాటల్లో సగం గాలివార్తలు. నేను టెక్సస్‌లో ఉంటాను, వారాంతాల్లో డాన్స్ హాళ్లలో స్టీల్ వాయిస్తాను, మిగతా సాయంత్రాలు వేరేవాళ్ల స్టీళ్లు తిరగేసి బాగుచేస్తుంటాను. అందుకని ఈ మాటలన్నీ ఎప్పుడూ చెవిన పడుతూనే ఉంటాయి.

అపోహ: ఇది హవాయిన్ గిటారే, కింద పెడల్స్ తగిలించారంతే.

మన వైపు పెద్దవాళ్లు ఎక్కువగా అనేది ఇదే. రేడియోలో పాత హిందీ పాటల ట్యూన్లు హవాయిన్ గిటార్ మీద విన్న తరం కదా, వాళ్లు అలా అనుకోవడంలో వింతేమీ లేదు, వంశం ఒకటే. గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి తీగల మీద ఇనుప ముక్క జరిపే పద్ధతిని 19వ శతాబ్దం చివర్లో హవాయిలో జోసెఫ్ కెకుకు ప్రచారంలోకి తెచ్చాడు. ఎమన్స్ చదువూ అక్కడి నుంచే మొదలైంది. ఆయన 1937లో ఇండియానా రాష్ట్రంలోని మిషావాకాలో పుట్టారు. పదకొండేళ్ల వయసులో నాన్న ఒళ్లో పెట్టుకుని వాయించే ఆరు తీగల ల్యాప్ స్టీల్ కొనిచ్చి, పక్కనే ఉన్న సౌత్ బెండ్‌లో హవాయి సంగీతం నేర్పే బడిలో చేర్పించారు.

తేడా ఎక్కడంటే, ల్యాప్ స్టీల్ మీద బార్ (ఆ ఇనుప ముక్క) జరిపితే అన్ని తీగలూ కలిసికట్టుగా పైకో కిందికో పోతాయి. బార్‌ని ఏటవాలుగా పట్టి కొంత మార్చొచ్చు, కొంతే. పెడల్ స్టీల్‌లో పెడల్ తొక్కితే ఒకటి రెండు తీగలు మాత్రమే బిగుస్తాయి, మిగతావి ఉన్నచోటే ఉంటాయి. వీణ మీద తీగను పక్కకి లాగి గమకం పలికిస్తాం చూడండి, అలా లాగే పని ఇక్కడ కాలు చేస్తుంది. పైగా మూడు తీగలు కలిసి మోగుతుండగా అందులో ఒక్కదాన్నే.

అపోహ: పెడల్ స్టీల్‌ని కనిపెట్టింది ఎమన్సే.

కాదు. 1940 నాటికే గిబ్సన్ వాళ్ల ఎలక్ట్రాహార్ప్ ఉంది, దానికి పెడల్స్ ఉన్నాయి. అయితే అప్పట్లో పెడల్ ఎందుకంటే ఒక ట్యూనింగ్ నుంచి ఇంకోదానికి మారడానికి, మారాక వాయించేవాళ్లు. తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి ఆ జారుడుని వినిపించి జనాన్ని ఊపేసింది బడ్ ఐజాక్స్, వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ పాటలో. 1954లో అది పెద్ద హిట్. అది విన్నాకే ఎమన్స్ ల్యాప్ స్టీల్ పక్కన పెట్టి పెడల్స్ ఉన్న బిగ్స్‌బీ కంపెనీ స్టీల్ కొనుక్కున్నారు.

ఇక ఆయన చేసిందేంటో స్వరాల్లో చెప్తే మనవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. మూల తీగ స అనుకోండి. ట్యూనింగ్‌లో స, అంతర గాంధారం, ప ఉన్నాయి. ఐజాక్స్ ఒక్క పెడల్ తొక్కితే గ వెళ్లి శుద్ధ మధ్యమం అవుతుంది, ప వెళ్లి చతుశ్రుతి ధైవతం అవుతుంది, రెండూ ఒకేసారి. స-గ-ప కాస్తా స-మ-ధ అయింది. బాగుంది, కానీ అక్కడితో సరి. ఎమన్స్ ఆ ఒక్క పెడల్ పనిని రెండు పెడల్స్‌కి పంచారు. ఇప్పుడు ప ఒక్కటే ధ దాకా వెళ్లొచ్చు, అప్పుడు స-గ-ధ, మైనర్ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) వచ్చేసింది. గ ఒక్కటే మ దాకా వెళ్లొచ్చు, అప్పుడు స-మ-ప, తేలకుండా నిలబడే కార్డ్. పైగా రెండు పెడల్స్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఎడమ పాదం రెండింటి మీదా ఆనించి చీలమండని అటు ఇటు ఒరిగిస్తే చాలు, ఒకటి దిగుతుంటే ఇంకోటి లేస్తుంది. మీరు విన్న ఏ పెడల్ స్టీల్ పాటలోనైనా ఆ వెక్కినట్టుండే మలుపు ఆ చీలమండలోంచి వచ్చిందే.

1962లో ఇంకో పని చేశారు. అదే ట్యూనింగ్‌కి పైన రెండు తీగలు చేర్చారు, ఒకటి రిషభం, ఇంకోటి కాకలి నిషాదం. అంతకుముందు పై స్థాయిలో వరుసగా స్వరాలు పలికించాలంటే బార్‌ని పరిగెత్తించాలి. ఈ రెండు తీగలు వచ్చాక బార్ ఉన్నచోటే పెట్టి చాలా స్వరాలు వాయించొచ్చు. చిత్రమేంటంటే ఈ రెండు తీగలూ శ్రుతి వరుసలో ఉండవు, మూడో తీగ ఈ రెండింటికంటే పైన మోగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట్లో కోపగించుకునేది దీని మీదే. ఈ రోజు పది తీగల ఈ-నైన్ ట్యూనింగ్ అని ఏ కంపెనీ స్టీల్ కొన్నా ఆ రెండు తీగలూ అందులో ఉంటాయి.

అపోహ: ఆ సౌండ్ అంతా ఎమన్స్ పుష్‌పుల్ గిటార్‌లోనే ఉంది, అది కొంటే వచ్చేస్తుంది.

మొన్నామధ్య ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, పాత పుష్‌పుల్ ఒకటి దొరికింది, కొనెయ్యమంటావా?” నీ స్టీల్‌కి ఏమైందిరా అన్నాను. “ఏం కాలేదన్నా, కానీ ఇందులో బడ్డీ టోన్ ఉంటుందట కదా.”

చరిత్ర చూద్దాం. 1950ల్లో ఎమన్స్, షాట్ జాక్సన్ కలిసి షో-బడ్ అనే స్టీల్ గిటార్ల కంపెనీ పెట్టారు. 1963లో ఆయన అందులోంచి బయటికొచ్చి తన పేరుతో ఎమన్స్ గిటార్ కంపెనీ పెట్టారు, పుష్‌పుల్ అక్కడ తయారైంది. రే ప్రైస్ ‘నైట్ లైఫ్’ రికార్డు వినండి. మొదట్లో వినిపించే ఆ స్టీల్ ఎమన్స్‌దే, కానీ ఆ రికార్డింగ్ నాటికి ఎమన్స్ పేరున్న గిటార్ ఇంకా పుట్టలేదు. తర్వాతి కాలంలో ఆయన అదే కంపెనీ తయారుచేసిన ఆల్‌పుల్ (శ్రుతి పెంచడానికీ తగ్గించడానికీ లాగుడే వాడే) మోడల్ లెగ్రాండ్ కూడా వాయించారు. బిగ్స్‌బీ, షో-బడ్, పుష్‌పుల్, లెగ్రాండ్, దేని మీదైనా రెండు స్వరాలు వింటే ఆయనే అని తెలిసిపోతుంది.

అలాగని పుష్‌పుల్ గొప్పతనం ఉత్త మాట కాదు. దాని లోపల, తీగ ఆనుకునే మెటల్ వేలు ఒకటి ఉంటుంది, దాన్ని రాడ్‌తో లాగితే శ్రుతి పెరుగుతుంది, నెట్టితే తగ్గుతుంది, వదిలేస్తే గట్టి ఆధారానికి ఆనుకుని నిలబడుతుంది. ఆ ఆనుకోవడం వల్లే ఆ మోత అని చాలామంది నమ్మకం, నా చెవికీ అలాగే అనిపిస్తుంది. కానీ సెట్టింగ్ తలనొప్పి. ఆల్‌పుల్ స్టీల్‌లో చివర ఉండే నైలాన్ నట్లు తిప్పి ఒక్కో పెడల్‌ని విడిగా శ్రుతి చేసుకోవచ్చు. పుష్‌పుల్‌లో ఒకటి ముట్టుకుంటే ఇంకోటి కదులుతుంది, స్టీల్‌ని బోర్లా పెట్టి టార్చిలైటు నోట్లో పెట్టుకుని రాడ్ల మీద కాలర్లు (చిన్న బిగింపు కడియాలు) జరుపుకుంటూ కూర్చోవాలి. ఆ కుర్రాడికి చెప్పిందీ ఇదే: ముందు నీ కుడిచెయ్యి ఎక్కడ మీటుతోందో చూసుకో, వాల్యూమ్ పెడల్ సంగతి చూసుకో, ఆ తర్వాత డబ్బు సంగతి.

అపోహ: పెడల్ తొక్కితే మెషినే శ్రుతిలో పలుకుతుంది, వాయించేవాడికి పెద్ద పనేం ఉండదు.

ఇది అన్నవాళ్లని ఒక్కసారి సీట్లో కూర్చోబెడితే చాలు. స్టీల్‌కి మెట్లు లేవు, గీతలే ఉన్నాయి. తల కొంచెం పక్కకి జరిగితే గీత కూడా జరిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి చివరికి చెవే దిక్కు. ఎడమ చేతిలో రెండు వందల గ్రాముల పైచిలుకు బార్, కుడిచేతి వేళ్లకి పిక్‌లు, ఎడమ కాలికి పెడల్స్, రెండు మోకాళ్లకి లీవర్లు, కుడికాలికి వాల్యూమ్ పెడల్. దానికి తోడు, పెడల్స్ తొక్కినప్పుడు లోపలి లాగుడికి స్టీల్ బాడీ వెంట్రుకవాసి వంగి, మనం ముట్టుకోని తీగలు కూడా కాస్త తగ్గుతాయి. దీన్ని మేం క్యాబినెట్ డ్రాప్ అంటాం. ఇక గాంధారం సంగతి. ట్యూనర్‌లో సూది సరిగ్గా మధ్యలో నిలిచిందని ఊరుకుంటే కార్డ్ గరగరలాడుతుంది. తంబురాలోంచి తనంతట తానే వినిపించే గాంధారం ఉంటుందే, అది పియానో గాంధారం కంటే సుమారు 14 సెంట్లు తక్కువ (పియానోలో పక్కపక్క రెండు మెట్ల మధ్య దూరం వంద సెంట్లు). చాలామంది స్టీల్ వాళ్లు ఆ దిశగా దించి పెట్టుకుంటారు, ఎంత దించాలన్న దగ్గర మాత్రం స్నేహాలు కూడా చెడతాయి.

అపోహ: కంట్రీ పాటలకి, అందులోనూ ఏడుపు పాటలకి తప్ప పనికిరాదు.

1963లో ఎమన్స్ న్యూయార్క్ వెళ్లి అక్కడి జాజ్ వాళ్లతో కూర్చుని ‘స్టీల్ గిటార్ జాజ్’ అనే పూర్తి ఆల్బమ్ చేశారు. రెండు తీగల వరుసలు (నెక్‌లు) పక్కపక్కనే ఉండే స్టీళ్లలో జాజ్‌కి వాడేది ఎక్కువగా రెండో నెక్, సీ-సిక్స్ ట్యూనింగ్. జూడీ కాలిన్స్ ‘సమ్‌డే సూన్’లో స్టీల్ ఆయనదే, 1968. ఇక లిటిల్ జిమ్మీ డికెన్స్ బ్యాండ్‌లో కుర్రాడిగా ఉన్నప్పటి ‘రైజిన్ ద డికెన్స్’ వింటే ఏడుపు కాదు, వేళ్లు లెక్కపెట్టుకోవాలనిపిస్తుంది. ఎమన్స్ సంగతి అలా ఉంచి చూసినా, నైజీరియాలో కింగ్ సన్నీ అడే బ్యాండ్‌లో పెడల్ స్టీల్ ఉంది, అమెరికాలో కొన్ని నల్లవాళ్ల చర్చిల్లో ఆరాధనంతా దాని మీదే నడుస్తుంది.

అపోహ: ఆయన జీవితమంతా స్టీల్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు.

లాస్ ఏంజెలెస్‌లో ఉన్న రోజుల్లో రోజర్ మిల్లర్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించారు. అంతే, ఇందులో పెద్ద కథేం లేదు.

అపోహ: మన గొట్టువాద్యం (మెట్లు లేకుండా, తీగల మీద ముక్క జరిపి వాయించే వీణ) చూసే హవాయి వాళ్లు నేర్చుకున్నారు.

వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. గేబ్రియెల్ డేవియన్ అనే భారతదేశంలో పుట్టిన మనిషి హవాయిలో తీగల మీద జారుస్తూ వాయించాడనే కథ నిజంగానే ఉంది, కానీ అతను గొట్టువాద్యం చూశాడని చెప్పే ఆధారం ఏదీ లేదు. రెండింట్లోనూ మెట్లతో పనిలేదు, రెండింట్లోనూ జారుడే ప్రాణం. ఆ పోలిక చాలదా, దానికి చుట్టరికం కూడా అంటగట్టాలా?

అపోహ: ఇండియాలో ఉండి ఇది నేర్చుకోవడం కుదరదు.

కుదురుతుంది, ఓపిక ఉంటే. మూడు పెడల్స్, నాలుగు మోకాలి లీవర్లు ఉన్న ఒంటి నెక్ పది తీగల స్టీల్ చాలు, రెండు నెక్‌ల బరువైనది ఇప్పుడే వద్దు. పెడల్స్ ఎమన్స్ వరుసలో ఉండాలా, ఇంకో స్టీల్ వాద్యకారుడు జిమ్మీ డే వరుసలో ఉండాలా అని బుర్ర పాడుచేసుకోకండి, ఒకటి ఇంకోదానికి తిరగేసిన వరుస, మీ చీలమండ ఎటు సులువుగా ఒరుగుతుందో అదే మీది. తీగల సెట్ తెప్పించుకునేటప్పుడు మూడో తీగ, 0.011 అంగుళాలది, విడిగా ఓ డజను ఎక్కువ చెప్పండి. అన్నిటికంటే సన్నది అదే, మధ్య పెడల్ తొక్కిన ప్రతిసారీ దానికి లాగుడు పడుతుంది, తెగితే ఎక్కువగా అదే తెగుతుంది.