ప్యాటర్సన్స్ కర్స్: ఆస్ట్రేలియా బీళ్లలో ఊదా పూల విషం

2003 జనవరిలో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా చుట్టుపక్కల పెద్ద కార్చిచ్చు రేగింది. గడ్డి మాడిపోయిన బీళ్లలో ఆ తర్వాత ఏపుగా లేచింది ప్యాటర్సన్స్ కర్స్, అంటే ‘ప్యాటర్సన్ శాపం’ అనే కలుపుమొక్క. వేరే మేత లేక గుర్రాలు దాన్నే తిన్నాయి. కాలేయం చెడిపోయి ఇక కోలుకోవని తేలాక 40కి పైగా గుర్రాలను నొప్పి తెలియకుండా చంపాల్సి వచ్చింది. ఈ మొక్క విషమని పశువైద్యులకు అప్పటికి కొత్త సంగతేమీ కాదు. తెలిసి కూడా దాన్ని ఎందుకు అదుపు చేయలేకపోయారన్నదే అసలు కథ.

మొక్క శాస్త్రీయ నామం ఎకియమ్ ప్లాంటాజినియమ్. బొరాజినేసి కుటుంబానికి చెందింది. పుట్టిల్లు పశ్చిమ మధ్యధరా ప్రాంతం: స్పెయిన్, పోర్చుగల్, మొరాకో వైపు. శరత్కాలపు వానలకు మొలుస్తుంది. చలికాలమంతా వెడల్పాటి ఆకులను నేలకు ఆనించి చక్రంలా పరుచుకుంటుంది. అసలు దెబ్బ ఇక్కడే, ఆ ఆకుల నీడన క్లోవర్ లాంటి మంచి మేత మొక్కలు ఎండ తగలక చచ్చిపోతాయి. కింద బలమైన తల్లివేరు నీళ్లు లాగుతూ ఉంటుంది. వసంతంలో మధ్యలోంచి కాడలు లేచి, గరాటు ఆకారంలో ఊదా పూలు పూస్తాయి. పువ్వును చేతిలోకి తీసుకుని చూస్తే ఐదు కేసరాల్లో రెండు మాత్రమే రేకులు దాటి బయటికి పొడుచుకొస్తాయి. దీని దగ్గరి బంధువు ఎకియమ్ వల్గేర్‌లో అయితే నాలుగు కనిపిస్తాయి. ఒళ్లంతా గరుకు నూగు, ఉత్త చేత్తో పీకితే చర్మం మండుతుంది. ఒక్కో పువ్వు నాలుగు గింజల దాకా కడుతుంది. వేసవికి మొక్క ఎండిపోయినా, నేలలో పడ్డ గింజల్లో కొన్ని ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. అందుకే ఒక ఏడాది కష్టపడి శుభ్రం చేసిన బీడు కూడా కరువు తర్వాతో, మంటల తర్వాతో మళ్లీ ఊదారంగులోకి తిరుగుతుంది.

ఆస్ట్రేలియాకు ఇది అందం కోసం వచ్చింది. 1843 నాటికే న్యూ సౌత్ వేల్స్‌లోని క్యామ్డెన్ పార్క్ తోట మొక్కల జాబితాలో ఉంది. 1880ల్లో ఆల్బరీ దగ్గర కంబరూనాలో ఉండే ప్యాటర్సన్ కుటుంబం తమ తోటలో వేసుకుందని, అక్కడి నుంచే బయటి బీళ్లలోకి పాకిందని చెబుతారు. పేరు అలా వాళ్లకు అంటుకుంది. నా దృష్టిలో ఇది అన్యాయం. మొక్క అంతకు నలభై ఏళ్ల ముందే దేశంలో ఉంది. పైగా అతిగా మేపిన బీళ్లు, కుందేళ్లు కొరికేసిన నేలలు దానికి దారి సిద్ధం చేసి పెట్టాయి. సొంత గడ్డ మీద దీన్ని తినే పురుగులు బోలెడున్నాయి. ఇక్కడికి మొక్క వచ్చింది గానీ ఆ పురుగులు రాలేదు.

విషం పనిచేసే తీరు తెలిస్తే తర్వాతి గొడవ అర్థమవుతుంది. మొక్కలో ఉండేవి పిరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు. కడుపులోకి వెళ్లినప్పుడు వీటితో పెద్ద ప్రమాదం లేదు. కాలేయం వీటిని వదిలించుకోబోయి తానే విషంగా మార్చుకుంటుంది. ఆ విషం కణాల డీఎన్ఏకు అతుక్కుంటుంది. కణం విభజన జరగక ఉబ్బిపోతుంది, చచ్చిన వాటి స్థానంలో కొత్తవి పుట్టవు. ఇదంతా బయటికి తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి. గుర్రం బరువు తగ్గుతుంది, కళ్లు పచ్చబడతాయి, తెల్లచర్మం ఉన్నచోట ఎండకు పుళ్లు పడతాయి. చివరికి శుభ్రం కాని రక్తంలోని అమ్మోనియా మెదడుకెక్కి, కంచెకు తల ఆనించి నెడుతూ నిలబడిపోతుంది. ఆ దశలో వైద్యుడు చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

గొర్రెల సంగతి వేరు. వాటి పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఈ ఆల్కలాయిడ్లను చాలావరకు విరగ్గొడతాయి. అలాగని పూర్తిగా గండం గడిచినట్టు కాదు. వరసగా కొన్ని సీజన్లు మేస్తే కాలేయంలో రాగి పేరుకుని ఒక్కసారిగా ప్రాణం మీదికి వస్తుంది. కానీ కరువు ఏడాదిలో గొర్రె దీన్ని తిని నిలబడుతుంటే, రైతు కంటికి ఇది విషంలా ఎలా కనిపిస్తుంది? సౌత్ ఆస్ట్రేలియాలో దీన్ని సాల్వేషన్ జేన్ (సాల్వేషన్ అంటే గండం నుంచి గట్టెక్కించడం) అని ఆప్యాయంగా పిలుచుకున్నది అందుకేనని చెబుతారు. తేనెటీగలు పెంచేవాళ్లకైతే ఇది వసంతంలో దండిగా మకరందం, పుప్పొడి ఇచ్చే పంట.

1970ల్లో జాతీయ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ మధ్యధరా ప్రాంతంలో ఈ మొక్కను తినే పురుగుల కోసం వెతికింది. వాటిని వదలబోతుండగా 1980లో కొందరు తేనెటీగల పెంపకందార్లు, పశుపోషకులు కోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నారు. వాళ్ల భయం ఉత్తిది కాదు, నిజంగానే వాళ్ల బతుకుతెరువు దాని మీద ఉంది. కానీ ఎవరి నష్టం ఎంత, ఎవరి లాభం ఎంత అని తేల్చే పద్ధతే అప్పటికి చట్టంలో లేదు. ఆ లోటు తీర్చడానికి 1984లో బయలాజికల్ కంట్రోల్ యాక్ట్ (ఇలా పురుగుల్లాంటి జీవులతో కలుపును అదుపు చేయడం గురించిన చట్టం) వచ్చింది. ఆ తర్వాత జరిగిన ప్రభుత్వ విచారణ, మొక్కను అదుపు చేస్తేనే దేశానికి మేలు చాలా ఎక్కువని తేల్చింది. 1988లో గానీ మొదటి పురుగు, ఆకుల్లో సొరంగాలు చేసే చిన్న రెక్కలపురుగు, బయట అడుగుపెట్టలేదు. ఆ ఎనిమిదేళ్లూ మొక్క ఊరికే కూర్చోలేదు, ఏటా గింజలు రాల్చింది.

మొదటి పురుగుతో పెద్ద ఫలితం రాలేదు. 1990ల్లో వదిలిన ముక్కుపురుగులు మాత్రం అసలు పనిలోకి దిగాయి. వాటిలో ఒకదాని పిల్లపురుగు ఆకులు వేరును కలిసే మొదలును లోపలి నుంచి తొలుస్తుంది, ఇంకొకటి వేరును తింటుంది. వీటికి తోడు వేర్లనే తినే ఒక చిన్న పెంకుపురుగు కూడా ఉంది. ఇవి స్థిరపడినచోట మొక్క చిన్నదై, గింజ తగ్గుతుంది. అయితే శరత్కాలపు వాన ఆలస్యమైతే మొలకలు, పురుగులు ఒక వేళకు రావు. అలాంటి ఏళ్లలో గొర్రెలతో మేపించడం, మందు కొట్టడం, మంచి గడ్డి పెంచడం మనుషులే చూసుకోవాలి.

తేనెలోకీ ఈ ఆల్కలాయిడ్లు వస్తాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. దాంతో ఆహార భద్రతా అధికారులు, అచ్చంగా ఈ పూల తేనెనే రోజూ ఎక్కువగా తినొద్దని చెప్పారు. ఇప్పుడు దీన్ని వేరే పూల తేనెతో కలిపి అమ్మడం మామూలైంది.