11,779 ఓట్ల తేడా: జార్జియా లెక్కింపుపై అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పోలింగ్ డ్యూటీ చేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎన్నికల సీజన్ వస్తే చాలు, అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో 2020 అధ్యక్ష ఎన్నికల గొడవ మళ్ళీ మొదలవుతుంది. ఇక్కడ దాదాపు 50 లక్షల ఓట్లు పోలైతే, ట్రంప్ మీద బైడెన్ 11,779 ఓట్లతో గట్టెక్కారు. పావు శాతం కూడా లేదు. అనుమానాలు రావడం సహజమే కానీ, చాలావాటికి మూలం ఈ పని ఎలా జరుగుతుందో తెలియకపోవడమే.

అపోహ: లెక్కపెట్టిన ప్రతిసారీ అంకె మారింది, అంటే మోసమే.

వాస్తవం: అంకె మారిన మాట నిజం. మొదట్లో ఆధిక్యం సుమారు 14 వేలు. చేత్తో లెక్కపెడితే 12,284. నవంబర్ 20న ధ్రువీకరించింది 12,670. ట్రంప్ వర్గం కోరిన రీకౌంట్ తర్వాత 11,779.

ఎందుకు మారింది? ఫ్లాయిడ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) సుమారు 2,600 బ్యాలెట్లు స్కానింగ్‌లో తప్పిపోయాయి. ఫయెట్ కౌంటీలో ఒక మెమరీ కార్డులోని 2,700 పైచిలుకు ఓట్లు మొత్తంలో కలవలేదు. రెండూ సిబ్బంది పొరపాట్లే. చేతి లెక్కలోనే బయటపడ్డాయి, ఎక్కువ లాభం ట్రంప్‌కే దక్కింది. బైడెన్‌ను గెలిపించడానికి కట్టిన దొంగలెక్క అయితే ఇలా ఎందుకు జరుగుతుంది?

చేతి లెక్క అంకెకూ, ధ్రువీకరించిన అంకెకూ తేడా ఎందుకని ఇంకో ప్రశ్న. చేతి లెక్క గెలిచిందెవరో సరిచూసుకోవడానికి. అధికారికంగా నిలిచేది మాత్రం తప్పిపోయిన ఓట్లు కలుపుకున్న మెషీన్ లెక్కే. లక్షల కాగితాలు మనుషులు లెక్కపెడితే కొన్ని అటూ ఇటూ అవుతాయి మరి.

అపోహ: బ్యాలెట్ మీది క్యూఆర్ కోడ్‌లో మెషీన్ ఏం చదివిందో ఎవరికి తెలుసు?

వాస్తవం: అందుకేగా చేత్తో లెక్కపెట్టింది. ఒక్కో బల్ల దగ్గర ఇద్దరు. ఒకరు కాగితం తీసి, దాని మీద అచ్చయిన పేరు పైకి చదివి రెండో మనిషికి ఇస్తారు. ఆ మనిషి కూడా చూసుకుని, మళ్ళీ చదివి, ఆ అభ్యర్థి దొంతరలో పెడతారు. క్యూఆర్ కోడ్ జోలికి ఎవరూ పోరు. 159 కౌంటీల్లోనూ ఇదే పని, గెలిచింది అదే అభ్యర్థి.

అపోహ: రాత్రి ముందున్న ట్రంప్ తెల్లారేసరికి ఎలా వెనకబడ్డారు?

వాస్తవం: ఒక్క రాత్రిలో కాదు. నవంబర్ 3న పోలింగ్ అయితే, బైడెన్ ముందుకొచ్చింది 6న తెల్లవారుజామున. పోస్టల్ ఓట్లు డెమొక్రాట్లవే ఎక్కువ, పైగా వాటి లెక్కింపు నిదానం. మన కౌంటింగ్‌లో ఒక మండలం రౌండ్లు అయిపోయి ఇంకో మండలం మొదలవగానే ఆధిక్యం తిరగబడదూ? అదే ఇదీ.

అపోహ: రీకౌంట్‌లో పోస్టల్ ఓట్ల సంతకాలు మళ్ళీ చూసి ఉంటే ఫలితం మారేది.

వాస్తవం: సంతకం ఉండేది కవరు మీద, బ్యాలెట్ మీద కాదు. 2020లో కవరు అందగానే సంతకం సరిచూశారు. ఆ తర్వాత కవరూ బ్యాలెట్టూ వేరైపోతాయి, ఏ ఓటు ఏ కవరుదో చెప్పడం కుదరదు. మన పోస్టల్ బ్యాలెట్‌లో ఓటరు సంతకం పెట్టే 13ఏ డిక్లరేషన్ వేరు, ఓటు వేరు. అక్కడైనా ఇక్కడైనా ఓటు రహస్యంగా ఉండాలంటే ఇంతకన్నా దారి లేదు. అయినా కాబ్ కౌంటీలో 15 వేలకు పైగా కవర్లను మళ్ళీ పరిశీలించారు, దొంగ ఓటు ఒక్కటీ దొరకలేదు.

అపోహ: తేడా తక్కువైతే రీకౌంట్ దానంతటదే జరుగుతుంది.

వాస్తవం: జార్జియాలో అలా కాదు. తేడా అర శాతంలోపు ఉంటే ఓడినవారు అడగాలి.

ఇవన్నీ చెప్పాక కూడా నమ్మకం కుదరనివారికి ఒక మాట. పోలింగ్ ముగిశాక స్కానర్ నుంచి ఫలితాల టేపు తీస్తాం. దాని మీద మేనేజరు, ఇద్దరు సహాయ మేనేజర్లు సంతకాలు పెడతారు. ఒక కాపీ పోలింగ్ కేంద్రం తలుపుకు అంటిస్తాం. ఫోన్‌లో ఫొటో తీసుకుని, కౌంటీ వెబ్‌సైట్‌లో పెట్టిన అంకెతో ఎవరైనా పోల్చి చూసుకోవచ్చు.