గూగుల్‌కు డబ్బు కడితే సైట్ పైకొస్తుందా? తిరుపతిలో నేను రోజూ వినే అపోహలు

తిరుపతిలో లాడ్జీలకు, ట్రావెల్స్‌కు వెబ్‌సైట్ల పని చేస్తుంటాను. పోయిన వేసవిలో భవానీనగర్‌లో ఒక లాడ్జి ఓనరు పిలిపించి, టీ తెప్పించి, తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. “నెలనెలా ఇరవై వేలు గూగుల్‌కు కట్టినానన్నా. పోయిన నెల ఆపేసినా. ఇప్పుడు మా లాడ్జి పేరు కొట్టినా మ్యాప్ వస్తోంది గానీ సైట్ రావడం లే. డబ్బులు ఆపినామని తీసేసినారా?”

తీసేయలేదు. అసలు ఎప్పుడూ చేర్చుకోనే లేదు.

సైట్‌ను వర్డ్‌ప్రెస్ అనే, సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో కట్టారు. సెట్టింగ్స్‌లోకి పోయి రీడింగ్ పేజీ తెరిచాను. అక్కడ, సైట్‌ను ఇండెక్స్ చేయొద్దని, అంటే తమ జాబితాలో చేర్చుకోవద్దని, సెర్చ్ ఇంజిన్లకు చెప్పే చిన్న గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్ పెట్టి ఉంది. పని సగంలో ఉన్న సైట్ బయట కనిపించకూడదని ఆ టిక్ పెట్టడం మామూలే. అయిపోయాక తీయడం కట్టినవాళ్లు మర్చిపోయారు. ఆ టిక్ ఉన్నంతకాలం ప్రతి పేజీలోనూ ‘నోఇండెక్స్’ అనే మాట ఉంటుంది. పేజీలను చదవడానికి గూగుల్ పంపే ప్రోగ్రామ్ గూగుల్‌బాట్ వస్తుంది, ఆ మాట చదువుతుంది, పేజీని వదిలేసి పోతుంది. యాడ్‌కు మాత్రం ఆ మాటతో పనిలేదు. అందుకే ఎనిమిది నెలలు యాడ్ నడిచింది, ఫోన్లు మోగాయి, ఇండెక్స్‌లో ఒక్క పేజీ కూడా లేదు. పేరు కొడితే ఇన్నాళ్లూ ఆయనకు కనిపించింది తన యాడే.

అపోహ: యాడ్స్‌కు బాగా కడితే మామూలు ఫలితాల్లోనూ పైకి తెస్తారు

వాస్తవం: తీసుకురారు. డబ్బు తీసుకుని ఏ సైట్‌నూ ఎక్కువసార్లు క్రాల్ చేయబోమని (అంటే బాట్‌ను పంపి చదివించబోమని), పైన చూపించబోమని గూగుల్ తన డాక్యుమెంటేషన్‌లోనే రాసింది. మన ఊరి వాళ్లకు నేను 300 రూపాయల టికెట్ సంగతి చెబుతాను. ఆ టికెట్ కొన్నందువల్ల సర్వదర్శనం లైనులో మీ చోటు ముందుకు జరగదు కదా, అది వేరే లైను. అయితే ఈ పోలిక కొంతవరకే. కొండమీద రెండు లైన్లూ చివరికి లోపల కలుస్తాయి, గూగుల్‌లో ఎప్పటికీ కలవవు.

యాడ్ ఎక్కడ రావాలన్నది వేలంలో తేలుతుంది. ఎవరో ఒకరు తిరుపతిలో రూమ్ కోసం వెతికిన ప్రతిసారీ అప్పటికప్పుడే ఆ వేలం జరుగుతుంది. క్లిక్‌కు మీరు ఎంతవరకు ఇస్తామన్నారు, యాడ్ ఆ ప్రశ్నకు ఎంత సరిపోతుంది, నొక్కితే తెరుచుకునే పేజీ ఎలా ఉంది, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఎక్కువ పాడినవాడే ఎప్పుడూ పైన ఉంటాడని కాదు. యాడ్ పేజీలను చూడడానికి వచ్చే బాట్ కూడా వేరే, దాని పేరు యాడ్స్‌బాట్. అది వచ్చి వెళ్లింది కాబట్టి సైట్ ఇండెక్స్‌లో చేరిపోయిందని అనుకుంటే లాడ్జి ఓనరు కథే మళ్లీ.

అపోహ: యాడ్ ఆపితే కక్షగట్టి కిందికి తోస్తారు

రేణిగుంట రోడ్డులో ఒక ట్రావెల్స్ ఆయన ఈ మాట మీద నాతో గంటసేపు వాదించాడు. యాడ్ ఆపిన వారం నుంచీ కాణిపాకం, శ్రీకాళహస్తి బుకింగులు సగానికి పడిపోయాయట. పడిపోతాయి మరి, యాడ్ నుంచి వచ్చే ఫోన్లు ఆగిపోయాయి కదా! గూగుల్ సెర్చ్‌లో సైట్ ఎలా కనిపిస్తోందో ఓనరుకు చూపించే టూల్, సెర్చ్ కన్సోల్, తెరిచి చూపించాను. ఆ పర్ఫార్మెన్స్ రిపోర్టులో యాడ్ క్లిక్కులు కలవవు, మామూలు ఫలితాల లెక్కే ఉంటుంది. యాడ్ ఆపిన తేదీకి ముందూ వెనకా ఆయన సగటు స్థానం గీత ఒకేలా ఉంది.

ఒక మాట ఒప్పుకోవాలి. యాడ్ చూసి వచ్చిన కుటుంబం మళ్లీ వచ్చేటప్పుడు పేరుతోనే వెతకొచ్చు, ఇంకొకరికి చెప్పొచ్చు, ఎక్కడో లింకు ఇవ్వొచ్చు. ఆ పుణ్యం జనానిది, కట్టిన బిల్లుది కాదు.

అపోహ: 500 సెర్చ్ ఇంజిన్లకు సబ్మిట్ చేస్తే ట్రాఫిక్ దానంతటదే వస్తుంది

అదే లాడ్జి ఓనరు డ్రాయరులోంచి ఒక కాగితం తీశాడు. రంగుల అంచులు, గుండ్రటి సీలు, పెళ్లి శుభలేఖలాగే ఉంది. అన్ని వందల సెర్చ్ ఇంజిన్లలో సైట్‌ను చేర్చినట్టు అందులో రాసుంది. అందుకు ఐదు వేలు ఇచ్చాడట. పేరున్న సెర్చ్ ఇంజిన్లు ఎన్ని ఉన్నాయో చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. యాహూ, డక్‌డక్‌గో లాంటివి కూడా ఫలితాల కోసం ఎక్కువగా మైక్రోసాఫ్ట్ వారి బింగ్ మీదే ఆధారపడతాయి.

ఈ నమ్మకం పాత రోజుల నుంచి మిగిలిపోయింది. ఒకప్పుడు సైట్లను వర్గాలవారీగా చేర్చే యాహూ డైరెక్టరీలో వ్యాపార సైట్‌ను పరిశీలించడానికే ఏడాదికి 299 డాలర్లు తీసుకునేవారు. అది 2014లో మూతపడింది. స్వచ్ఛంద సంపాదకులు నడిపిన అలాంటి డైరెక్టరీయే డీమోజ్, అది 2017లో పోయింది. ఎవరైనా తమ సైట్ అడ్రస్ ఇచ్చుకునే పేజీని గూగుల్ 2018లో తీసేసింది, సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల జాబితా ఫైలు) మారిందని కబురు పెట్టే పింగ్‌ను 2023లో ఆపేసింది. ఇప్పుడు చేయాల్సిందల్లా సెర్చ్ కన్సోల్‌లో సైట్ మీదేనని నిరూపించుకుని, సైట్‌మ్యాప్ ఇవ్వడం. బింగ్‌కు దాని వెబ్‌మాస్టర్ టూల్స్ ఉన్నాయి. రెండూ ఉచితమే, అరగంట పని. అయినా సబ్మిట్ చేయడమంటే ‘ఫలానా పేజీ ఉంది’ అని కబురు పెట్టడం మాత్రమే. వచ్చి చూడాలా, చేర్చుకోవాలా, ఎన్నో పేజీలో కూర్చోబెట్టాలా అన్నవి దాని తరవాత సంగతులు.

అపోహ: ఇండెక్సింగ్ రిక్వెస్ట్ రోజూ నొక్కుతుంటే త్వరగా వస్తుంది

ఫలానా పేజీని ఇండెక్స్ చేయమని అడిగే బటన్ అది, సెర్చ్ కన్సోల్‌లో ఉంటుంది. మొదటి ఏడాది నేనూ నొక్కాను, పొద్దునా సాయంత్రం, సంధ్యావందనంలా. ఒకే పేజీకి ఎన్నిసార్లు నొక్కినా వేగం పెరగదని గూగులే చెబుతోంది. కొన్ని రోజులు పట్టొచ్చు, కొన్ని వారాలూ పట్టొచ్చు.

అపోహ: కీవర్డ్స్ ట్యాగ్‌లో వంద మాటలు కూరితే చాలు

పేజీ కోడ్‌లో, చూసేవాళ్లకు కనిపించకుండా మాటలు రాసుకునే చోటు అది. గూగుల్ ఆ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడడం లేదని 2009లోనే చెప్పేసింది. వదిలేయండి.

అపోహ: డబ్బు కడితే మ్యాప్‌లో మొదటి మూడింట్లో పెడతారు

“గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ లిస్టింగ్ తీసేస్తాం” అని ఫోన్ వస్తే పెట్టేయండి. మ్యాప్‌లో మీ వ్యాపారం వివరాలు చూపించే బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. యాడ్ పెట్టుకుంటే అది స్పాన్సర్డ్ అన్న ముద్రతో వస్తుంది, అది వేరు. మామూలు వరసకు మూడు విషయాలు చూస్తారు: వెతికినదానికి మీరెంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, జనంలో ఎంత పేరుంది.

ఆ దూరం దగ్గరే మనవాళ్లు మోసపోతారు. షాపులో కూర్చుని వెతికి “చూడన్నా, మాదే ఫస్ట్” అంటారు. మీరు మీ షాపులోనే ఉన్నారు కాబట్టి మీది ఫస్ట్! చెన్నై నుంచి బయల్దేరబోయే మనిషికి ఏం కనిపిస్తుందో మీ ఫోన్ చెప్పదు. పేరు చివర ‘బస్టాండ్ దగ్గర బెస్ట్ ఏసీ రూమ్స్’ అని అతికించకండి, బోర్డు మీద ఉన్న పేరే ఉండాలి. అది నియమం, తప్పితే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు.

అపోహ: సైట్ ఇండెక్స్‌లోకి వచ్చిందంటే పని అయిపోయినట్టే

టిక్ తీసి, సైట్‌మ్యాప్ ఇచ్చిన వారానికి లాడ్జి పేరు కొడితే సైట్ వచ్చింది. ‘తిరుపతిలో రూమ్స్’ అని కొడితే మాత్రం రాలేదు, ఇప్పటికీ రాదు. అక్కడ పెద్ద బుకింగ్ సైట్లు కూర్చున్నాయి. ఆ మాట మీద కనిపించాలంటే రద్దీ రోజుల్లో యాడ్ పెట్టుకోవడమే మేలని నేనే చెప్పాను. యాడ్ తప్పేం కాదు, అద్దె లాంటిది. కట్టిన నెలకే చోటు.

సొంతంగా చోటు దొరికే ప్రశ్నలు చిన్నవి. ఆయన సైట్‌లో రేట్లన్నీ ఒక పాంప్లెట్ ఫొటోలో ఉన్నాయి, చదవడానికి పేజీలో అక్షరాలే లేవు. బొమ్మలో రాసింది సెర్చ్‌కు సరిగ్గా అందదు. ఏం రాయాలో నన్ను అడిగితే నాకేం తెలుసు? రిసెప్షన్‌లో ఉండే కుర్రాడికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఫోన్లో అడిగే ప్రతి ప్రశ్నకూ ఒక గీత గీయమన్నాను. వారం తర్వాత చూస్తే 24 గంటల చెక్‌అవుటా, కారు పెట్టుకోవచ్చా, బస్టాండ్ నుంచి నడవొచ్చా, వేడినీళ్లు ఎన్నింటికి అని వరసగా ఉన్నాయి. ఆ జవాబులనే పేజీలో రాశాం. అన్నిటికన్నా ఎక్కువ గీతలు మాత్రం, అమ్మానాన్నలను తీసుకొస్తున్నవాళ్లు అడిగే ఒకే ప్రశ్నకు పడ్డాయి: లిఫ్ట్ ఉందా?