పిల్లల సేవా క్లబ్బులో చేరబోయే విద్యార్థులకు: అపోహలు, వాస్తవాలు

పిల్లల సంక్షేమ సంస్థ తరఫున కాలేజీ క్లబ్బులతో కలిసి పనిచేయడం నా బాధ్యత. కొత్తగా చేరేవారి నోట ఏటా దాదాపు ఇవే మాటలు వింటాను.

అపోహ: క్లబ్బులో చేరితే ఎప్పుడూ పిల్లల మధ్యే ఉంటాం.

వాస్తవం: చాలా క్లబ్బుల్లో పని పిల్లలకు దూరంగానే సాగుతుంది. విరాళాలు సేకరించాలి, రసీదులు రాయాలి, లెక్కలు సరిచూడాలి, కార్యక్రమాలకు అనుమతులు తెచ్చుకోవాలి. దీన్ని చిన్నచూపు చూడకండి. 1946లో పుట్టిన యునిసెఫ్ (ఐక్యరాజ్యసమితి బాలల నిధి) అంతటి సంస్థ కూడా నేటికీ స్వచ్ఛందంగా వచ్చే నిధుల మీదే నడుస్తోంది. పైసా తేడా రాకుండా లెక్క రాసే విద్యార్థి దొరికితే నాకు కొండంత ధైర్యం.

అపోహ: వీలున్నప్పుడు వెళ్లి కాసేపు ఆడిస్తే చాలు, పిల్లలు సంతోషిస్తారు.

వాస్తవం: ఆ పూటకు సంతోషిస్తారు, నిజమే. కానీ అయినవారికి దూరమైన పిల్లలు అప్పటికే ఎందరినో పోగొట్టుకుని ఉంటారు. మీ పేరు నేర్చుకుంటారు, మళ్లీ ఎప్పుడు వస్తారని అడుగుతారు. మీరు మాట వరసకు ‘వచ్చే వారం’ అంటారు. ఆ వారమంతా ఆ పిల్ల గుమ్మం వైపే చూస్తుంది. అలా రెండు మూడు సార్లు జరిగితే, నిజంగా నిలబడే మనిషి వచ్చినా దగ్గరకు రాదు. ఇది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అందుకే నిలుపుకోలేని మాట ఇవ్వవద్దని మొదటి రోజే చెబుతాను. నెలకు ఒక్కసారే రాగలిగితే ఒక్కసారే రండి. చెప్పిన రోజున, చెప్పిన వేళకు రండి. పరీక్షల సమయంలో రాలేమని ముందుగానే పిల్లలకు చెప్పండి.

అపోహ: గుర్తింపు పత్రాలు అడగడం, పిల్లలతో ఒంటరిగా ఉండవద్దనడం మమ్మల్ని అనుమానించడమే.

వాస్తవం: ఏమీ అడగకుండా మిమ్మల్ని లోపలికి పంపే చోటు ఎవరినైనా అలాగే పంపుతుంది. అలాంటి చోటికి వెళ్లకండి.

అపోహ: పిల్లల ఫొటోలు పెడితేనే విరాళాలు వస్తాయి.

వాస్తవం: 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం పిల్లల గోప్యతకు, గౌరవానికి రక్షణ కల్పిస్తుంది. చేయి చాచిన చిన్నారి ఫొటో ఆ చిన్నారి పెద్దయ్యాక కూడా వెంటాడుతుంది. వచ్చిన డబ్బుతో ఏం కొన్నారో, ఎంతమందికి అందిందో వివరంగా రాయండి. దాతలు చదువుతారు, ఇస్తారు.

అపోహ: ఇంట్లో వాడని వస్తువేదైనా పిల్లలకు పనికొస్తుంది.

వాస్తవం: అడిగి ఇవ్వండి. జిప్పు పోయిన సంచి ఏ పిల్లకైనా చిన్నతనమే.

అపోహ: సర్టిఫికెట్ కోసం చేరడం తప్పు.

వాస్తవం: తప్పు కాదు. అలా వచ్చి ఏళ్ల తరబడి మాతో నిలిచినవారు ఉన్నారు.

చేరే ముందు క్లబ్బును రెండు విషయాలు అడగండి: నిరుటి జమా ఖర్చులు చూపించగలరా? ఇప్పటి బాధ్యులు చదువు ముగించి వెళ్లిపోతే పని ఎవరికి అప్పగిస్తారు? రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే, అక్కడ మీరు చేయాల్సిన మొదటి పని దొరికినట్టే.