పరమాణు భారాలు: ప్రయోగశాలలో అపోహలు, వాస్తవాలు

తూనికయంత్రం నాలుగు దశాంశ స్థానాలు చూపిస్తుంటే ఊపిరి బిగబట్టి తూస్తాం. ఆ గ్రాముల్ని మోల్స్‌గా మార్చే అంకెను మాత్రం గోడమీది పట్టిక నుంచి అలాగే దించేసుకుంటాం. లెక్క చాలాసార్లు తప్పేది అక్కడే.

అపోహ: పరమాణు భారం అంటే ఆ మూలకపు పరమాణువు ఒక్కదాని బరువు.

క్లోరిన్ పరమాణు భారం 35.45. అంత బరువున్న క్లోరిన్ పరమాణువు ప్రకృతిలో ఒక్కటీ లేదు. ఉన్నవి రెండు రకాలు (ఒకే మూలకంలో బరువు వేరైన ఇలాంటి రకాలే ఐసోటోపులు): 34.969 ఉండే క్లోరిన్-35 దాదాపు 75.8 శాతం, 36.966 ఉండే క్లోరిన్-37 దాదాపు 24.2 శాతం. ఈ పాళ్లలో సరాసరి కడితే వచ్చేదే 35.45. కార్బన్-12 పరమాణువులో పన్నెండో వంతును ఒకటిగా తీసుకుని పోల్చిన అంకె కాబట్టి దీనికి యూనిట్ కూడా ఉండదు.

ఈ తేడా, అయాన్లను ద్రవ్యరాశిని బట్టి వేరుచేసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ దగ్గర బయటపడుతుంది. గ్లూకోజ్‌ను తూయడానికి 180.156 వాడాలి. అదే స్పెక్ట్రంలో శిఖరం వెతకాలంటే అత్యధికంగా దొరికే ఐసోటోపుల ద్రవ్యరాశులే కూడాలి, అప్పుడు 180.063 వస్తుంది. అయాన్‌గా మారేటప్పుడు చేరినదాన్ని ఆ తర్వాత కలపాలి, పోయినదాన్ని తీసేయాలి. బ్రోమిన్ ఉన్న పదార్థంలో 79.904 పట్టుకుని శిఖరం కోసం వెతికితే అక్కడ ఏమీ కనిపించదు. 79, 81ల వల్ల దాదాపు సమానమైన రెండు శిఖరాలు రెండు యూనిట్ల ఎడంతో ఉంటాయి.

అపోహ: కార్బన్ పరమాణు భారం కచ్చితంగా 12.

కచ్చితంగా 12 అయ్యేది కార్బన్-12 ఐసోటోపుకే. మామూలు కార్బన్‌లో నూటికి ఒకటికి కాస్త పైగా కార్బన్-13 ఉంటుంది, అందుకే 12.011. 1961కి ముందు రసాయనవేత్తలు సహజ ఆక్సిజన్‌ను 16గా, భౌతికవేత్తలు ఆక్సిజన్-16ను 16గా తీసుకునేవారు. నేటి విలువలతో పోలిస్తే మొదటి కొలమానంలో అంకెలు లక్షకు సుమారు 4 పాళ్లు, రెండో దానిలో 32 పాళ్లు ఎక్కువ. పాత పుస్తకంలోని విలువను కొత్త లెక్కలో కలిపేటప్పుడు అది ఏ కొలమానంలోదో ముందు చూసుకోవాలి.

అపోహ: పట్టికలో ఉన్న విలువ ఏ నమూనాకైనా ఒకటే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. ఐసోటోపుల పాళ్లు మారితే సరాసరి మారుతుంది, పాళ్లేమో పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి మారతాయి. అమెరికా రసాయనవేత్త థియొడోర్ రిచర్డ్స్ 1914లోనే యురేనియం ఖనిజాల్లో దొరికిన సీసం మామూలు సీసం కన్నా తేలికని తూచి చూపించారు. యురేనియం-238 క్షీణించి చివరికి సీసం-206గా నిలుస్తుంది, థోరియం సీసం-208గా నిలుస్తుంది. కాబట్టి ఏ గనిలో ఏది ఎంత ఉందో, ఎంత కాలం ఉందో దాన్నిబట్టి సీసం భారం మారుతుంది.

రసాయనశాస్త్ర ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ 2009లో పది మూలకాలకు ఒక్క అంకె ఇవ్వడం మానేసి అవధి (ఇంత నుంచి ఇంత దాకా అని) ఇవ్వాలని నిర్ణయించింది. హైడ్రోజన్, లిథియం, బోరాన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, సిలికాన్, గంధకం, క్లోరిన్, థాలియం ఆ పది. తర్వాత మెగ్నీషియం, బ్రోమిన్, ఆర్గాన్, సీసం చేరాయి. సీసం అవధి 206.14 నుంచి 207.94 దాకా. ఒక్క అంకె కావలసినవారికి 207.2 అనే సంప్రదాయ విలువ ఉంది.

వీటన్నిటిలో లిథియం దగ్గర ప్రత్యేకంగా ఆగాలి. సహజ లిథియంలో లిథియం-6 సుమారు 7.6 శాతం. అణు అవసరాల కోసం ఆ లిథియం-6ను తీసేసుకుని, మిగిలిన సరుకును మామూలు రసాయనంగా అమ్మిన సందర్భాలున్నాయి. లిథియం-6 రెండు శాతానికి పడిపోతే పరమాణు భారం 6.94 నుంచి 6.996కు పెరుగుతుంది. అప్పుడు లిథియం కార్బొనేట్ మోలార్ ద్రవ్యరాశి 73.89 కాదు, 74.00 అవుతుంది. తూకంలో ఇది 0.15 శాతం తేడా.

అసలు దెబ్బ ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమీటర్‌లో తగులుతుంది. ఆ యంత్రం మూలకాన్ని మొత్తంగా లెక్కపెట్టదు, 7 దగ్గర లిథియం-7ను మాత్రమే లెక్కపెడుతుంది. ప్రమాణ ద్రావణాన్ని (పోలిక కోసం వాడే, గాఢత తెలిసిన ద్రావణాన్ని) లిథియం-7 98 శాతం ఉన్న లవణంతో చేసి, నమూనాలో సహజ లిథియం ఉంటే ఫలితం దాదాపు 6 శాతం తక్కువ వస్తుంది. తూకంలో అర శాతం తప్పు కూడా జరగని చోట ఆరు శాతం! దీనికి విరుగుడు, ఐసోటోపుల పాళ్లు ధ్రువపత్రంలో రాసి ఉన్న ప్రమాణాన్నే కొనడం. అది లేకపోతే 6, 7 రెంటి నిష్పత్తినీ ప్రమాణంలోనూ నమూనాలోనూ కొలిచి సరిదిద్దాలి. లిథియం-6నే అంతర్గత ప్రమాణంగా కలిపే పద్ధతిలో ఈ నిష్పత్తి దెబ్బతింటుందని మరవకూడదు. సీసం విషయంలో 208 ఒక్కటే చదవకుండా 206, 207, 208 మూడు సంకేతాలనూ కూడి లెక్కకట్టడం మంచి అలవాటు. అలా చేస్తే గని మారినా లెక్క పెద్దగా చెదరదు.

ఈ బాధ తేలిక మూలకాల్లోనే ఎందుకు ఎక్కువ? లిథియంలో ఐసోటోపుల మధ్య ఒక యూనిట్ తేడా అంటే మొత్తంలో ఏడో వంతు. యురేనియంలో మూడు యూనిట్ల తేడా ఉన్నా 238లో అది ఒక శాతం పైచిలుకే.

అపోహ: దశాంశాలు తక్కువ ఉన్న మూలకాన్ని సరిగా కొలవలేదు.

ఫ్లోరిన్‌కు 18.998403162 అని తొమ్మిది దశాంశాలు ఇవ్వగలుగుతున్నారంటే దానికి స్థిరమైన ఐసోటోపు ఒక్కటే కావడం వల్ల. సరాసరి కట్టే పని లేదు. బంగారం, సోడియం, అల్యూమినియం కూడా అంతే. సీసానికి 207.2 దగ్గర ఆగడం పదార్థం స్వభావం, కొలిచినవారి లోపం కాదు. జింక్ విలువను 2007లో 65.409 నుంచి 65.38కి మార్చినప్పుడు ఒక దశాంశం తగ్గింది కూడా.

అపోహ: పరమాణు భారం పెరిగే వరుసే ఆవర్తన పట్టిక.

టెల్లూరియం 127.60, దాని తర్వాతి అయోడిన్ 126.90. వరుసను నిర్ణయించేది ప్రోటాన్ల సంఖ్య అని 1913లో బ్రిటిష్ భౌతికవేత్త మోజ్లీ ఎక్స్-కిరణాల ప్రయోగాలు తేల్చాయి.

అపోహ: టెక్నీషియం లాంటివాటికి బ్రాకెట్లో ఉండే 98 వంటి అంకె కూడా పరమాణు భారమే.

కాదు. అది ఎంచుకున్న ఒక ఐసోటోపు ద్రవ్యరాశి సంఖ్య మాత్రమే. ప్రకృతిలో స్థిరమైన పాళ్లు లేనిదానికి సరాసరి కట్టలేం. థోరియం, ప్రొటాక్టీనియం, యురేనియం రేడియోధార్మికమైనా భూమిమీద నిర్దిష్టమైన ఐసోటోపు కూర్పుతో దొరుకుతాయి కనుక వాటికి అసలు విలువలున్నాయి.

అపోహ: దశాంశాలు ఎన్ని వాడితే ద్రావణం అంత కచ్చితం.

సోడియం క్లోరైడ్‌కు 58.44 బదులు 58.5 తీసుకుంటే 0.1 శాతం తప్పు. 50 మిల్లీలీటర్ల ఎ-తరగతి బ్యూరెట్‌కు అనుమతించే తేడా కూడా ±0.05 మిల్లీలీటర్లు, అంటే నిండు బ్యూరెట్ మీద అదే 0.1 శాతం. అందుకే క్లోరిన్‌కు 35.5 వద్దు, 35.45 చాలు. 35.453 అని రాసినంత మాత్రాన బ్యూరెట్ మెరుగుపడదు. లెక్క మధ్యలో దశాంశాలను రౌండ్ చేయకుండా చివర ఒక్కసారే చేయాలి.

లేబుల్ మీద నీటి అణువులు చూసుకోకపోతే వచ్చే తప్పు ముందు ఇవన్నీ చిన్నవి. అనార్ద్ర (నీటి అణువులు లేని) కాపర్ సల్ఫేట్ 159.61, అయిదు నీటి అణువులున్నది 249.68. అనార్ద్రం బదులు నీటి అణువులున్నదాన్ని తూస్తే ద్రావణం గాఢతలో మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. సోడియం హైడ్రాక్సైడ్‌ను ఎంత శ్రద్ధగా తూచినా లాభం లేదు. అది తూస్తుండగానే గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది. దాన్ని సుమారుగా తూచి కలిపి, పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో గాఢత నిర్ణయించాలి. థాలేట్‌ను 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూతపాత్రలో) చల్లార్చి తూయాలి. మోలార్ ద్రవ్యరాశి 204.22 కాబట్టి 250 మిల్లీలీటర్ల 0.1 మోలార్ ద్రావణానికి 5.1055 గ్రాములు పడుతుంది. సరిగ్గా అంతే తూయాలని తంటాలు పడక్కర్లేదు. 5.1 గ్రాముల చుట్టుపక్కల ఎంత వచ్చిందో నాలుగు దశాంశాల దాకా రాసుకుని, గాఢతను ఆ బరువు నుంచే లెక్కకట్టాలి.