వాచ్‌మన్ అంకుల్ ఫోటో ఎందుకు చెదిరిపోయింది?

చిత్తూరు
ఆదివారం రాత్రి

చిట్టికీ, బుజ్జిగాడికీ తాత ఆశీస్సులు.

మీరు పంపిన రెండు ఫోటోలూ చూశాను. మొదటిదాంట్లో మీ తిరుపతి అపార్ట్‌మెంట్ గేటు ఉంది, ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కుర్చీలో వాచ్‌మన్ అంకుల్ మొహం ఉండాల్సిన చోట మాత్రం పలక మీద తడిగుడ్డతో తుడిచినట్టు ఒక మరక ఉంది. రెండోదాంట్లో ఫ్లాష్ వేశారు. ఆయన మొహం సున్నం కొట్టినట్టు వచ్చింది, కళ్ళు మూతలు పడ్డాయి, వెనక వీధి మొత్తం మాయమైపోయింది. కింద చిట్టి రాసింది: "నా కళ్ళకు బాగానే కనపడ్డాడు కదా తాతా, ఫోన్‌కు ఎందుకు కనపడలేదు?"

దీనికి ఫోన్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ మూడు రోజులుగా ముసురు పట్టింది. వాన నీళ్ళతో పప్పు మెత్తగా ఉడుకుతుందని అవ్వ పెరట్లో వెడల్పు గిన్నె పెట్టింది. మొన్న సాయంత్రం జోరుగా పడ్డప్పుడు అది చూస్తుండగానే నిండింది. ఈరోజు సన్న తుంపర. పొద్దున పెట్టిన గిన్నెలో మధ్యాహ్నానికి రెండు వేళ్ళ లోతు కూడా లేదు. వెలుతురు కూడా వాన లాంటిదే అనుకోండి. కెమెరా మన గిన్నె. పగలు జోరువాన, సెకనులో 500వ వంతు సేపు మూత తీస్తే చాలు, నిండిపోతుంది. రాత్రి వీధిలైటు కింద తుంపర, మూత తీసి ఆగాలి. నిండు పున్నమి వెన్నెల కూడా ఎండలో దాదాపు 4 లక్షల్లో ఒక వంతేనంటే ఎంత సన్న తుంపరో ఊహించుకోండి.

గిన్నె మూతి వెడల్పయితే ఎక్కువ నీళ్ళు పడతాయి. మీ ఫోన్ కెమెరా మూతి మిరియపు గింజంత, అది పెరగదు. కంటిపాప అలా కాదు. ఎండలో 2 మిల్లీమీటర్లుండేది చీకట్లో 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. మూతి పెంచుకోలేని ఫోన్ ఎక్కువసేపు మూత తీసి ఉంచుతుంది. ఆ సేపట్లో మీ చెయ్యి వణికినా, అంకుల్ తల తిప్పినా గిన్నె తొణికినట్టే. మీ మొదటి ఫోటోకి జరిగింది అదే. నైట్ మోడ్ అని ఉంటుంది చూడండి, అది ఒక్క గిన్నె పెట్టకుండా పది చిన్న గ్లాసులు ఒకదాని తర్వాత ఒకటి పట్టి, అన్నీ ఒక చెంబులో పోస్తుంది. గ్లాసులు మార్చేటప్పుడు మనిషి కదిలితే అదీ చెదురుతుంది.

ఫోటోలో చీకటి చోట ఇసుక చల్లినట్టు చుక్కలున్నాయి. వాన మొదలవగానే వాకిలి చూడండి. చినుకులు అంతటా సమానంగా పడవు. ఇక్కడ రెండు మచ్చలు, అక్కడొకటి, మధ్యలో పొడి నేల. కాసేపయితే గానీ వాకిలంతా ఒక్క రంగుకు రాదు. వెలుతురు కూడా చినుకులు చినుకులుగానే పడుతుంది. తొందరపడి మూత వేస్తే ఆ మచ్చల వాకిలే ఫోటో అవుతుంది. వెలుతురుకు చినుకులేమిటని బుజ్జి అడుగుతాడని తెలుసు. పెద్ద క్లాసుల్లో చదువుకుంటారులే. నాకైతే 60 ఏళ్ళు దాటాక తెలిసింది ఆ సంగతి. ఆ రాత్రి డాబా ఎక్కి వీధిలైటు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

ఇక ఫ్లాష్. తుంపర చాల్లేదని బకెట్‌తో నీళ్ళు మొహాన కొట్టడమే అది. మొహం తడుస్తుంది, వెనక వీధి తడవదు.

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా నాయన. బంగారుపాళ్యం దగ్గర మామిడి తోటలో కాయ పక్వానికొచ్చే రోజుల్లో ఆయన రాత్రి కాపలా ఉండేవాడు. నాకప్పుడు పదేళ్ళు. సద్ది తీసుకుపోయి అక్కడే పడుకునేవాణ్ణి. సంగటి ముద్ద, ఊరుబిండి, ఒక ఉల్లిపాయ. చీకటంటే భయమేసి లాంతరు వత్తి పెంచేవాణ్ణి. నాయన వచ్చి తగ్గించేవాడు. "దీపం పెద్దదయితే తోట చిన్నదయిపోతుంది రా" అనేవాడు. ఒక రాత్రి లాంతరు పూర్తిగా ఆర్పేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెట్లు లెక్కపెట్టమన్నాడు. మొదట ఏమీ లేదు. తర్వాత దగ్గరి చెట్టు మొదలు నల్లగా తేలింది. తర్వాత దాని వెనక చెట్టు. తర్వాత వేలాడే కాయలు, గబ్బిలం వాలి ఊగిన కొమ్మ. 37 చెట్లు లెక్కపెట్టాను. కన్ను చీకటికి బాగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుందని చాలా ఏళ్ళకు చదివాను. మధ్యలో ఒక్క టార్చి వెలుగు కంట్లో పడితే ఆ అలవాటంతా పోయినట్టే, మళ్ళీ మొదటి నుంచి ఆగాలి.

ఇంత తెలిసీ నేనొక తప్పు చేశాను. ఫోటో స్టూడియోలో పనిచేసే రోజుల్లో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రింబవళ్ళు నడిచే జూన్ నెలలో, ఒక గేటు దగ్గర వాచ్‌మన్ నిలబడిన తీరు నచ్చి అడగకుండా ఫ్లాష్ కొట్టాను. ఆయన చేత్తో కళ్ళు మూసుకున్నాడు. అప్పుడే లోడు లారీ వచ్చి హారన్ కొట్టింది. ఆయన గేటు గొలుసు కోసం గాల్లో తడుముకున్నాడు. "అయ్యా, ఇప్పుడు నాకు బండి నంబరు కూడా కనపడదు" అన్నాడు, కోపం లేకుండా. ఆ గొలుసు నేనే తీసి ఇచ్చాను. ఆ తడుముకున్న చెయ్యి ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

మరుసటి రాత్రి ఫ్లాష్ ఇంట్లో పెట్టి వెళ్ళాను. క్షమించమని అడిగి, పేరడిగి, పక్కన రాయి మీద కూర్చున్నాను. అలా మొదలయింది నా రాత్రి ఫోటోల పని. మీ తిరుపతిలో కొండకు వెళ్ళే జనంతో రాత్రికి కూడా తీరిక ఉండదు. చిత్తూరు అలా కాదు. పదిన్నర దాటితే బజారు వీధిలో షట్టర్లన్నీ పడిపోతాయి, కట్టమంచి చెరువు మీది గాలి తప్ప చప్పుడుండదు. అప్పుడు నడిస్తే తెలుస్తుంది, ఊళ్ళో మెలకువగా ఉండేదెవరో. నగల కొట్టు మెట్ల మీద ఒకాయన. ఏటీఎం గది బయట ఒకాయన. కళ్యాణ మండపం గేటు దగ్గర మంకీ క్యాపు పెట్టుకుని ఇంకొకాయన. కర్ర నేలకు కొడుతూ, విజిల్ ఊదుతూ వీధులు తిరిగే గూర్ఖా.

కెమెరాను స్టాండు మీద పెట్టి, రెండు సెకన్లు మూత తెరిచేవాణ్ణి. అప్పటి వీధిలైట్లు పసుపు సోడియం దీపాలు. వాటి కింద నీలం చొక్కా నల్లగా కనపడేది. లైటు సరిగ్గా నెత్తి మీదుంటే కళ్ళు గుంటలైపోతాయి, అందుకని మనిషికి పక్క నుంచి వెలుగు పడే చోటు వెతుక్కునేవాణ్ణి. ఒక ఉపాయం ఆ మండపం వాచ్‌మన్ దగ్గరే దొరికింది. వచ్చే పోయే బండ్ల నంబర్లు రాసుకునే రిజిస్టరు ఒళ్ళో తెరిచి పెట్టుకున్నాడు. తెల్ల కాగితం మీద పడ్డ వెలుతురు పైకి లేచి ఆయన గడ్డాన్నీ, కళ్ళ కింది ముడతల్నీ మెత్తగా వెలిగించింది. స్టూడియోలో నా గొడుగు లైటు కూడా అంత బాగా పని చేయలేదు. ఆ ఫోటో నా దగ్గరుంది. కుర్చీ కాలికి కట్టిన తీగ, కుర్చీ కింద టిఫిన్ క్యారియర్, దాని పక్కన దోమల చుట్ట. చుట్ట చివర ఎర్రటి చుక్క కదలకుండా నిలిచింది. పొగ మాత్రం బూడిద రంగు పల్చటి గుడ్డలా పరుచుకుంది. వెనక రోడ్డు మీద పోయిన లారీ లేదు, దాని లైట్ల గీతలే మిగిలాయి.

1838లో పారిస్‌లో డాగెర్ అనే ఆయన మేడ మీది నుంచి ఒక వీధి ఫోటో తీశాడు. అప్పటి కెమెరాలకు మూత కొన్ని నిమిషాలు తెరిచి ఉంచాల్సి వచ్చేది. వీధినిండా బండ్లు, మనుషులు తిరుగుతున్నా, కదిలేవి కాబట్టి ఒక్కటీ పడలేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒక చోట నిలబడ్డ మనిషి మాత్రం పడ్డాడు. ఫోటోలో కనపడ్డ మొదటి మనిషి ఆయనేనంటారు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. నా వాచ్‌మన్ల ఫోటోలు చూసుకున్నప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

వాళ్ళలో చాలామందికి రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా, 12 గంటల డ్యూటీ. అందరూ ఒకే మాట చెప్పేవాళ్ళు, మూడు దాటాక తెల్లారే దాకా కష్టమని. ఆ వేళకు ఒంట్లో వేడి కూడా తగ్గుతుంది, నిద్ర కొండలా మీద పడుతుంది. మనం నిశ్చింతగా దుప్పటి కప్పుకునేది ఆ వేళలోనే. కాబట్టి గేటు దగ్గర "సెక్యూరిటీ!" అని కేకేయకండి. ఆయనకు పేరుంటుంది. మండపం వాచ్‌మన్‌కు ప్రింట్ ఇస్తే చొక్కాకు చెయ్యి తుడుచుకుని తీసుకున్నాడు. "ఇది ఇంట్లో పెడతా సార్. రాత్రంతా యాడుంటానో నా బిడ్డలు ఎప్పుడూ చూడ్లేదు" అన్నాడు.

చిట్టీ, ఇప్పుడు నీ పని. కార్తీక పున్నమి రాత్రి నాన్నను తోడు తీసుకుని కిందికి వెళ్ళండి. ముందు ఆయన్ను అడగండి, వద్దంటే కబుర్లు చెప్పి వచ్చేయండి. సరేనంటే, ఫోన్ జేబులోనే ఉంచి 20 నిమిషాలు ఆయన పక్కన ఊరికే కూర్చోండి. గోడ పక్కన కాగితం పూల చెట్టు ఉంది కదా, లైటు అందని కొమ్మలకు రంగు ఉందో లేదో చూడండి. ఎందుకు లేదో నేను చెప్పను. ఆ తర్వాత ఫోన్‌ను కాంపౌండ్ గోడ మీద ఆనించి, 3 సెకన్ల టైమర్ పెట్టి, చెయ్యి తీసేయండి. ఫ్లాష్ వద్దు. ఆయన్ను బిగుసుకుని కూర్చోమనకండి, రిజిస్టరు రాసేటప్పుడు ఎలాగూ కుదురుగానే ఉంటాడు.

రెండు ప్రింట్లు తీయించి, వెనక ఆయన పేరు, టైము రాయండి. మొదటిది ఆయనకివ్వండి. రెండోది నాకు పంపండి.

మీ తాత